రెటీనా ఊడితే పెళ్లి అయ్యేదాకా ఆగవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. చిన్నప్పటి నుంచి మైనస్ 8 అద్దాలు. రెండేళ్ల కిందట కుడికంటికి శుక్లం ఆపరేషన్ అయింది. నాలుగు రోజుల కిందట ఆ కంట్లో మెరుపులు, నల్ల చుక్కలు మొదలయ్యాయి. నిన్నటి నుంచి కింది వైపు నల్లతెర కమ్ముతోంది. రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే చూపు పొర) ఊడిందన్నారు. బకిల్, గ్యాస్, ఆయిల్ అని ఏవేవో చెప్పారు. ఇంట్లో పెళ్లి ఉంది, అయ్యాక చూద్దాం, అంతవరకు చుక్కల మందు వేద్దాం అంటున్నారు నాన్న. ఏం చేయమంటారు?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: ముందు ఓ పని చేయండి. ఎడమకన్ను మూయించి, కుడికంటితో పేపర్ చదవమనండి. అక్షరాలు ఇంకా కనిపిస్తుంటే రెటీనా నడుమ ఉండి, సూటి చూపునిచ్చే మాక్యులా ఇంకా అంటుకునే ఉందన్నమాట. అలాంటప్పుడు ఒక్క రోజు కూడా ఆగకూడదు. తెర కింద కనిపిస్తోందంటే ఊడింది పైభాగం. రెటీనాకు పడిన చిరుగులోంచి దూరిన నీరు బరువుకు కిందికి దిగుతూ పొరను లేపేస్తుంది, దాని దారిలో తర్వాత ఉన్నది మాక్యులాయే. అది ఊడాక ఆపరేషన్ బాగా జరిగినా పాత చూపు పూర్తిగా రాకపోవచ్చు. ఇప్పటికే చదవలేకపోతుంటే కూడా పెళ్లి దాకా ఆగొద్దు, రెండు మూడు రోజుల్లో చేయించండి. ఊడిన పొరను ఏ చుక్కల మందూ అతికించలేదు. సర్జన్ దగ్గరికి వెళ్లేలోపు అటూ ఇటూ తిరగనివ్వకుండా పడుకోబెట్టండి.

ఇక పద్ధతుల సంగతి. కంట్లోకి 0.3 నుంచి 0.5 మి.లీ. గ్యాస్ ఎక్కించి, చిరుగును లేజర్‌తోనో క్రయోతోనో (గడ్డకట్టించే చలితో) మూసేది అన్నిటికన్నా చిన్నది. పైభాగంలో ఒకటో రెండో చిరుగులు దగ్గరదగ్గరగా ఉంటేనే ఇది పనికొస్తుంది. శుక్లం తీసిన కళ్లలో అంచుల్లో సన్నని చిరుగులు దాగి ఉంటాయి, అవి దొరక్కపోతే మళ్లీ ఊడుతుంది. బకిల్ అంటే కనుగుడ్డు చుట్టూ బయటి నుంచి కుట్టే సిలికాన్ పట్టీ. గోడను లోపలికి నొక్కి చిరుగుకు ఆనిస్తుంది. సొంత లెన్స్ ఉన్న చిన్న వయసు వాళ్లకు ఇది చక్కటి పద్ధతి. మైనస్ పవర్ కాస్త పెరుగుతుంది.

మీ నాన్నగారికి నేనైతే విట్రెక్టమీ వైపే మొగ్గుతాను. అర మిల్లీమీటరు పైచిలుకు రంధ్రాలు మూడు చేసి, కంటి లోపల నిండి ఉండి చిరుగును లాగుతున్న జెల్‌ను తీసేస్తారు. నీటిని పీల్చి, చిరుగు చుట్టూ లేజర్ పెట్టి, గ్యాస్ నింపుతారు. ఈ ఆపరేషన్ వల్ల శుక్లం త్వరగా వస్తుందన్న ఇబ్బంది ఆయనకు ఎలాగూ లేదు.

గ్యాస్ జిగురు కాదు. గోడకు కాగితం అంటించి, బంక ఆరేదాకా అరచేత్తో అదిమిపెట్టినట్టే దాని పని. లేజర్ మచ్చ గట్టిపడటానికి 10–14 రోజులు పడుతుంది. 20 శాతం ఎస్ఎఫ్6 అనే గ్యాస్ సుమారు రెండు వారాలుంటుంది, 14 శాతం సీ3ఎఫ్8 అనే గ్యాస్ దాదాపు రెండు నెలలు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి చిరుగు ఉన్న చోటు పైకి వచ్చేలా తల పెట్టాలి. అందరూ బోర్లా పడుకోనక్కర్లేదు. ఏ వైపు, రోజుకు ఎన్ని గంటలు అన్నది కాగితం మీద రాయించుకోండి. చూపు పైనుంచి తేటపడుతూ, మేస్త్రీ రసమట్టంలోలా ఊగే గీత రోజురోజుకూ కిందికి దిగుతుంది. కంగారు పడకండి, గ్యాస్ కరుగుతోందని అర్థం.

గ్యాస్ పూర్తిగా పోయేదాకా విమానం ఎక్కకూడదు, తిరుమల లాంటి కొండలూ వద్దు. పైకి వెళ్లేకొద్దీ బుడగ ఉబ్బి కంటిపోటు (కంటి లోపలి ఒత్తిడి) పెరిగి చూపు పోవచ్చు. వేరే ఏ ఆపరేషన్‌కైనా మత్తు ఇచ్చే డాక్టర్‌కు ఈ సంగతి ముందే చెప్పాలి, నైట్రస్ ఆక్సైడ్ ఇస్తే ఇదే ప్రమాదం.

సిలికాన్ ఆయిల్‌ను కింది భాగంలో పెద్ద చిరుగులున్నా, పొర ముడతలు పడి మచ్చకట్టినా, తల చెప్పినట్టు పెట్టలేకపోయినా వాడతారు. మామూలుగా 3–6 నెలలకు మరో ఆపరేషన్‌తో తీయించుకోవాలి. చూపు బాగానే ఉంది కదా అని వదిలేస్తే ఆయిల్ చిన్నచిన్న చుక్కలుగా విడిపోయి కంటిపోటు పెరుగుతుంది.

సుమారు పదిమందిలో ఒకరికి మళ్లీ ఆపరేషన్ అవసరమవుతుంది. కారణం ఎక్కువగా రెటీనా మీద పెరిగే మచ్చపొరే, అది మొదటి రెండు నెలల్లోనే బయటపడుతుంది. కాబట్టి తెర మళ్లీ కనిపించినా, కంట్లో తీవ్రమైన నొప్పితో వాంతులైనా అర్ధరాత్రి అయినా సరే వెళ్లండి.

ఎడమకంటికి కూడా కంటిపాప పెద్దదయ్యే మందు వేయించి అంచుల దాకా చూపించండి. మైనస్ 8 ఉన్న కంట్లో పలచబడిన చోట్లు, చిరుగులు ఉండొచ్చు. అవసరమైన వాటికి ఊడకముందే లేజర్ పెడితే చాలావరకు ఆపరేషన్ దాకా రాదు.