కాలనీ పార్కు స్థలం: గోపాలపట్నం వైపు మా అనుభవం

విశాఖలో మధురవాడ వైపు మీ లేఅవుట్‌లో పార్కుకని వదిలిన స్థలం పదేళ్లుగా తుప్పలు పట్టి ఉందనీ, ఎవరో అక్కడ కల్యాణ మండపం కడతారని వినిపిస్తోందనీ, ఈ ఆదివారమే యాభై మొక్కలు నాటేస్తే స్థలం దక్కుతుందా అనీ అడిగారు. ఆదివారం నాటకండి. మేం అచ్చంగా అదే పని చేసి రెండేళ్లు పోగొట్టుకున్నాం.

మాది గోపాలపట్నం దాటాక, సింహాచలం కొండకు ఇవతల ఉన్న పాత లేఅవుట్. నూట పది ఇళ్లు. పార్కు స్థలం పల్లపు మూలన, గెడ్డను (వాగును) ఆనుకుని ఉంటుంది. ప్లాటుగా అమ్ముడుపోని మూలనే పార్కుకు వదలడం మన ఊళ్లో కొత్త సంగతేమీ కాదు. హుద్‌హుద్ తుపాను వచ్చిన రెండో ఏడు, జూన్ 5 పర్యావరణ దినోత్సవం అని చెప్పి అరవై మొక్కలు నాటి ఫొటోలు దిగాం. గట్టి వాన పడేసరికి ఇరవై రోజులు పట్టింది. సగం ఎండకు మాడిపోయాయి, మిగిలినవి మేకలు మేశాయి. బతికిన ఏడింటి పక్కన ఒక రోజు ఇసుక లారీ వచ్చి ఆగింది. ఎవరిదని అడిగితే ఒకాయన వచ్చి, స్థలం తాను కొన్నానని కాగితం చూపించాడు. మా దగ్గర చూపించడానికి ఫొటోలే ఉన్నాయి.

అందుకని ముందు ఆ స్థలం ఈ రోజున ఎవరి పేర ఉందో తేల్చుకోండి. లేఅవుట్ వేసినవారు రోడ్లను, ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు గిఫ్ట్ డీడ్ (దానపత్రం) రాసి అప్పగించాలి. 2017 నాటి లేఅవుట్ నిబంధనల ప్రకారం ఆ ఖాళీ స్థలం మొత్తంలో 10 శాతం ఉండాలి. ఐదెకరాల లేఅవుట్ అయితే అర ఎకరం, అంటే 2,420 గజాలు. చిక్కంతా పాత లేఅవుట్లతోనే. ప్లానులో ‘పార్కు’ అని రాసి ఉంటుంది, గిఫ్ట్ డీడ్ మాత్రం రిజిస్టరు అయి ఉండదు. పేరు పాత యజమానిదే ఉండిపోతుంది. ఏళ్లు గడుస్తాయి, గజం ధర పెరుగుతుంది, ఎక్కడినుంచో ఒక మధ్యవర్తి పుట్టుకొస్తాడు.

మీ సేల్ డీడ్ తీసి చూడండి. ఎల్.పి. నంబరు (లేఅవుట్ అనుమతి నంబరు), సర్వే నంబరు అందులో ఉంటాయి. అవి రాసి సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. రుసుము 10 రూపాయలు, జవాబుకు గడువు 30 రోజులు. లేఅవుట్‌కు అనుమతి వుడా (విశాఖ పట్టణాభివృద్ధి సంస్థ) ఇచ్చి ఉంటే ప్లాను కోసం ఇప్పుడు వీఎంఆర్‌డీఏను అడగాలి (2018లో వుడాయే వీఎంఆర్‌డీఏ అయింది), గిఫ్ట్ డీడ్ కోసం జీవీఎంసీని (నగర పాలక సంస్థను) అడగాలి. మా మొదటి దరఖాస్తు నేనే రాశాను. ‘పార్కును ఎందుకు పట్టించుకోవడం లేదు, మా పిల్లలు ఎక్కడ ఆడుకోవాలి’ అని రెండు పేజీలు. ఆవేశం చాలా ఉంది, అడిగిన కాగితం ఒక్కటీ లేదు. జవాబు కూడా అలాగే వచ్చింది, తప్పు నాదే. రెండోసారి మూడే అడిగాం: ఆమోదించిన ప్లాను నకలు, గిఫ్ట్ డీడ్ నకలు, ఆ సర్వే నంబరులో ఇచ్చిన నిర్మాణ అనుమతుల నకళ్లు. గడువులోగా జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి, దానికి రుసుము లేదు. పనిలో పనిగా సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ స్థలంపై రిజిస్టరైన లావాదేవీల పత్రం) తీయించండి. ఇసుక లారీ పెద్దమనిషి చూపించింది రిజిస్టరు కాని అగ్రిమెంటు అని మాకు ఈసీతోనే తెలిసింది.

గిఫ్ట్ డీడ్ లేదని కూడా అప్పుడే తేలింది. అసలు యజమాని అనకాపల్లిలో ఉన్నారని విని మేం ఐదుగురం వెళ్లాం. మా పోస్టు మాస్టారు ప్లాను నకలు విప్పి చూపిస్తే, ఎనభై దాటిన ఆ పెద్దాయన చాలాసేపు చూసి, “ఇది అప్పుడే రాసిచ్చేశాననుకున్నానమ్మా” అన్నారు. వాళ్లబ్బాయికి అంత ఇష్టం లేదు. పార్కుకు నాన్నగారి పేరు పెడతామంటే ఒప్పుకున్నాడు. సంతకాలు అయ్యేసరికి మరో ఎనిమిది నెలలు. పేరు బోర్డు ఇంకా పెట్టలేదు. అది మా బాకీ.

అందరికీ ఇలా కలిసిరాదు, తెలుసు. డీడ్ లేకపోయినా ఆమోదించిన ప్లాను బలమైన కాగితమే. బెంగళూరులో పార్కుకని ఉంచిన స్థలాన్ని ప్రైవేటు ఆసుపత్రికి కేటాయిస్తే సుప్రీంకోర్టు 1991లో అది చెల్లదంది. మీ మండపం విషయంలో అర్జీ రాసేటప్పుడు ఆ తీర్పును ప్రస్తావించి, ప్లాను నకలు జతచేసి, సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇచ్చి రసీదు తీసుకోండి. సంతకాల కోసం ఇంటింటికీ వెళ్లక తప్పదు. నేను ఎల్ఐసీ ఏజెంటుని కాబట్టి అన్ని గుమ్మాలూ తెలుసు, అయినా కొన్ని ఇళ్లకు నాలుగుసార్లు తిరిగాను. నన్ను చూడగానే పాలసీ అనుకుని తలుపు వేసుకున్నవాళ్లూ ఉన్నారు. వార్డు సచివాలయంలో ఎవరిని కలవాలో కూడా తెలుసుకుని వెళ్లండి: ఆక్రమణ అయితే ప్లానింగ్ కార్యదర్శి, నీళ్లూ దీపాలూ అయితే ఎమినిటీస్ కార్యదర్శి, చెత్త అయితే శానిటేషన్ కార్యదర్శి.

తర్వాత కొలిపించండి. మా ప్లానులో 1,200 గజాలు, సర్వేయరు కొలిస్తే 1,050. పోయిన నూట యాభై గజాలూ బయటివాళ్లు తినలేదు. మూడు ఇళ్ల ప్రహరీలు జరిగాయి, ఒక కారు షెడ్డు వచ్చింది. షెడ్డు ఆయన ప్రతి చవితికీ మాకు ఉండ్రాళ్లు పంపే మనిషి. ఆయన షెడ్డు తీశారు. గోడలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి, ఆ ఇళ్లవాళ్లలో ఒకరు నాతో మాట్లాడటం మానేశారు. ఇవన్నీ లేకుండా పార్కు వస్తుందని మీకు చెప్పలేను.

ఇంతకంటే పెద్ద గొడవ వినాయకుడి పందిరి దగ్గర వచ్చింది. పందిరి వేసిన చోటే శాశ్వతంగా గుడి కట్టాలని కాలనీలో సగం మంది పట్టుబట్టారు. పోస్టు మాస్టారు రోజూ సంధ్యావందనం చేసే మనిషి, ఆయనే వద్దన్నారు. “మాస్టారూ, మీరేనా ఈ మాట అనేది?” అని నిలదీశారు. గుడికి ఇస్తే వచ్చే ఏడు వాటర్ ట్యాంకుకు, ఆపైన కమ్యూనిటీ హాలుకు అడుగుతారు, అప్పుడు కాదనడానికి నోరుండదు అన్నది ఆయన వాదన. చివరికి ఏటా పందిరి వేసుకుని నిమజ్జనం మర్నాడు తీసేయాలని రాసుకున్నాం. మీ కాలనీలోనూ ఈ మాట వస్తుంది. మండపం కంటే ముందే రావచ్చు.

ఇక మొక్కలు. జూన్ చివర రెండు మంచి వానలు పడి నేల నానాక నాటండి, అక్టోబరు తుపాన్ల నాటికి కాస్త వేరు పట్టుకుంటుంది. గుంత రెండడుగుల లోతు, రెండడుగుల వెడల్పు. మేకకు అందని ఎత్తున్న మొక్క అయితే మేలు, కంచె తప్పనిసరి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ గాలికి మా వీధిలో తురాయి, పచ్చతురాయి చెట్లు వేళ్లతో సహా లేచిపోయాయి. కానుగలు కొమ్మలు విరిగినా నిలబడి సంక్రాంతికల్లా చిగిర్చాయి. అందుకే మా దగ్గర కానుగ, వేప, నేరేడు, ఒక మూల పొన్న. గెడ్డ గట్టున మట్టి జారకుండా వట్టివేరు. తుపాను తర్వాత తొందరగా పచ్చబడాలని ఊరంతా ఏడాకుల చెట్లు నాటారు. చలికాలం మొదట్లో అవి పూస్తే ఆ వాసనకు మా ఇంట్లో ఉబ్బసం ఉన్న అత్తయ్యకు కిటికీలు మూయాల్సి వస్తుంది. కోనోకార్పస్ ఎవరైనా ఉచితంగా ఇచ్చినా తీసుకోకండి, గుజరాత్ దాన్ని 2023లో నిషేధించింది.

నడకదారి విషయంలో నా మాట చాలామందికి నచ్చదు. స్థలమంతా పేవర్ బ్లాకులు పరిచి, చుట్టూ సిమెంటు గట్టు కట్టి, నడుమ రెండు కుండీలు పెట్టి పార్కు అంటున్నారు. మాది పల్లం. కొండ మీద నుంచి దిగే నీళ్లు ఇంకే చోటు అదొక్కటే. సగం దారి మట్టిదిగానే వదిలేయండని పోట్లాడి ఒప్పించాం. చెప్పులకు బురద అంటుతోందని ఇప్పటికీ తిట్లు నాకే.

నాటడం ఒక పూట పని. ఫిబ్రవరి నుంచి మే దాకా నీళ్లు పోయడం మూడేళ్ల పని. మీ యాభై మొక్కలకు ఆ నాలుగు నెలలూ కుళాయి ఎవరు తిప్పుతారో పేరుపేరునా రాసుకోండి. అంతమంది లేకపోతే పదిహేనే నాటండి. మేం రెండోసారి ఇరవై రెండు నాటాం, పందొమ్మిది ఉన్నాయి. మా కుళాయి తాళం చెవి ఎదురింటి పదో తరగతి అబ్బాయి దగ్గర ఉంటుంది. వాడి పరీక్షల నెల మాత్రం నేను పోస్తాను.

మీ ఎల్.పి. నంబరు దొరికాక ఇక్కడే చెప్పండి. మా రెండో దరఖాస్తు నకలు నా దగ్గర ఉంది, అందులో మాటలు అలాగే రాసి పెడతాను.