అల్లుడికి: ఇంటర్‌కూలర్ పెట్టించు, ఫిల్టర్ డబ్బా ముట్టకు

అల్లుడా,

నువ్వు పంపిన లిస్టు చూసిన. మీ అమ్మ కూడా ఫోన్ చేసింది, "వాడు బండికి ఏదేదో పెట్టిస్తనంటున్నడు, జర నువ్వన్న చెప్పన్నా" అని. వద్దనే మాట నేను అనను. టర్బో (ఇంజన్‌కు గాలిని నొక్కి పంపే సామాను) ఉన్న బండి నడిపేటోనికి ఇంటర్‌కూలర్ మీదికి మనసు పోవుడు తప్పేం కాదు. అయితే నీ లిస్టుల రెండు సామాన్లున్నయి. ఒకటి బంపర్ వెనక పెట్టే పెద్ద ఇంటర్‌కూలర్. రెండోది ఓపెన్ కోన్ ఫిల్టర్‌తోని (డబ్బా లేని గాలి ఫిల్టర్) వచ్చే ఇన్‌టేక్ పైపు, అంటే ఇంజన్‌కు గాలి పోయే పైపు. మొదటిది మన వరంగల్ ఎండకు పనికొచ్చే వస్తువు. రెండోది మన రోడ్లకు పనికిరాదు. షాపోళ్లు రెండూ ఒకటే కిట్టు అని అమ్ముతరు, రేటు కూడా కలిపే చెప్తరు. నువ్వు విడదీసి అడుగు.

ఎందుకో చెప్త. గాలిని నొక్కితే వేడెక్కుతది. 40 డిగ్రీల గాలిని టర్బో పీల్చుకొని 1 బార్ బూస్ట్‌కు (మామూలు గాలి ప్రెజర్ మీద ఇంకో అంత) నొక్కిందనుకో, బయటికొచ్చేటప్పటికి అది 130 డిగ్రీలు దాటుతది. ఇంటర్‌కూలర్ పని ఆ వేడిని బయటి గాలికి వదిలేసి, చల్లబడ్డ గాలిని ఇంజన్‌కు ఇచ్చుడు. రోహిణి కార్తెల హన్మకొండ చౌరస్తాల సిగ్నల్ కాడ ఆగినప్పుడు ఆలోచించు. బయటి గాలే 44 డిగ్రీలుంటది, కింద తారు రోడ్డు సెగ కొడుతుంటది, పక్కన బస్సు ఇంజన్ వేడి. కంపెనీ పెట్టిన చిన్న ఇంటర్‌కూలర్ ఆ నిలబడ్డ రెండు నిమిషాలల్లనే కాగిపోతది. ఇంజన్‌లకు పోయే గాలి వేడిగుంటే నాకింగ్ (పెట్రోల్ తనంతట తానే అంటుకొని ఇంజన్‌ల టకటక కొట్టుడు) వచ్చే ప్రమాదముంటది కాబట్టి, ఈసీయూ, అంటే బండి కంప్యూటర్, ముందే జాగ్రత్తపడి ఇగ్నిషన్ టైమింగ్ (ప్లగ్గు నిప్పు వేసే టైము) వెనక్కి గుంజుతది, దాంతోని బలం తగ్గుతది. "ఎండాకాలం బండి లాగుతలేదు మామా" అని నువ్వన్నది గదే. బండికి రోగమేం లేదు, తనను తాను కాపాడుకుంటున్నది.

కాబట్టి పెద్ద ఇంటర్‌కూలర్ పెట్టంగనే ఇరవై హార్స్‌పవర్ పెరుగుతదని ఎవరన్న చెప్తే నమ్మకు. లోపలి గాలి 60 డిగ్రీల నుంచి 50కి దిగిందనుకుంటే గాలి మూడు శాతం చిక్కబడుతది, అంతే. ఈసీయూ ట్యూనింగ్ మార్చకుండ కొత్త బలం ఎక్కడిది? ఉన్న బలం ఎండల పోకుండ నిలబడుతది. ములుగు రోడ్డు మీద ఒక లారీని దాటి, వెంటనే ఇంకో లారీని దాటాల్సి వచ్చినప్పుడు రెండోసారి కూడా బండి మొదటిసారి లాగినట్టే లాగుతది. నాకైతే అదే పెద్ద లాభం. డబ్బులు దానికోసమే పెట్టు.

కొనే ముందు నీ బండి ఇంటర్‌కూలర్ ఏ రకమో చూడు. అన్ని టర్బో బండ్లకు బంపర్ వెనక గాలితో చల్లబడే ఇంటర్‌కూలర్ ఉండదు. పోలో 1.0 టీఎస్ఐ చూడు, దాని ఇంటర్‌కూలర్ ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లనే ఇమిడి ఉంటది, నీళ్లతోని చల్లబడుతది, ఆ నీళ్లకు ముందల వేరే చిన్న రేడియేటర్. గట్లాంటి బండికి ముందల పెట్టే కిట్టు సక్కగ కూసోదు. కింద పడుకొని టర్బో నుంచి బయటికొచ్చే పైపును చేత్తోని పట్టుకుంట పో. అది ఎటు పోతున్నదో నీ కండ్లతోని చూసినంకనే ఆర్డర్ పెట్టు.

ఇగ సైజు. టర్బో కంపెనీదే ఉన్నప్పుడు దొరికిన వాటిల్ల అన్నిటికంటే పెద్దది ఎందుకు? లోపల జాగా ఎక్కువైతే అదంత నిండి బూస్ట్ రావడానికి ఆలస్యమైతది. జాలి మరీ చిక్కగుంటే గాలి రాపిడికి ప్రెజర్ పడిపోతది, దాన్ని పూడ్చడానికి టర్బో ఇంకా గట్టిగ తిరగాలె. అప్పటికే చిన్న టర్బోలు నిమిషానికి రెండు లక్షల చుట్ల దాక తిరుగుతయి. ట్యూబ్ అండ్ ఫిన్ రకం తేలికగుంటది, దాని వెనకున్న ఏసీ కండెన్సర్‌కు, రేడియేటర్‌కు గాలి బాగ పోనిస్తది. బార్ అండ్ ప్లేట్ రకం బరువు, గట్టిది, వేడెక్కడానికి టైం తీసుకుంటది, చల్లారడానికీ తీసుకుంటది. సిటీల, ట్రాఫిక్‌ల ఏసీ వేసుకొని తిరిగే బండికి నేనైతే మరీ మందం లేని ట్యూబ్ అండ్ ఫిన్ పెట్టమంట. మందం ఎక్కువున్నది పెడితే గాలి లోపల చల్లగైతది గని మే నెలల ఏసీ ఆగిపోతది, కూలెంట్ టెంపరేచర్ ఎక్కుతది. నువ్వు ఇంట్లోళ్లను కూడా ఎక్కించుకొని తిరుగుతవు, అది మర్చిపోకు.

సామాను రాంగనే బిగించుకోవద్దు. కొత్త ఇంటర్‌కూలర్ లోపల వెల్డింగ్ చేసినప్పటి అల్యూమినియం పొట్టు ఉండొచ్చు. బ్రేక్ క్లీనర్ పోసి, రెండు మూతులు మూసి, అటు ఇటు మంచిగ ఊపి, తెల్ల గుడ్డ మీదికి వంపు. గుడ్డ మీద మెరుపులు కనపడితే మళ్ల కడుగు. మెరుపు లేకుండ వచ్చేదాక కడిగి, గాలి కొట్టి, ఎండల ఆరబెట్టి, మూతులకు టేపేసి పెట్టు. ఆ టేపు పైపు ఎక్కించే నిమిషం దాక తియ్యొద్దు. పని చేసేటప్పుడు ఊడదీసిన పైపులల్ల గుడ్డలు కుక్కుతరు, ఎన్ని గుడ్డలు లోపలికి పోయినయో లెక్క రాసిపెట్టు. ఒక్క గుడ్డ లోపల మిగిలితే ఖర్చు ఎక్కడిదాక పోతదో చెప్పలేం.

పాత ఇంటర్‌కూలర్ ఊడదీసినంక వంచి చూడు. లోపల సన్నగ నూనె తడి ఉంటే కంగారు పడకు, ఇంజన్ బ్రీదర్ (ఇంజన్ లోపలి ఆవిరి బయటికి పోయే పైపు) నుంచి వచ్చే ఆవిరితోని అన్ని టర్బో బండ్లల్ల అది ఉంటది. ధార కట్టి కారితే మాత్రం ఆడికి ఆపు. బ్రీదర్ వాల్వు, టర్బో సీలు చూపించినంకనే కొత్తది ఎక్కించు.

బంపర్ ఊడదీసుడు కష్టమైన పని కాదు, ఓపిక పని. చక్రాల కాడి స్క్రూలు, కింది క్లిప్పులు తీసినంక గుంజొద్దు, ఫాగ్ ల్యాంపు కనెక్టర్లు ముందు విప్పాలె. బంపర్ వెనక అడ్డంగ ఉండే ఇనుప బీమును ఇంటర్‌కూలర్ పట్టలేదని ఎవరైన కోస్తనంటే బండి తీసుకొని వచ్చెయ్. గుద్దుకున్నప్పుడు ముందుగాల దెబ్బ తినేది అదే, దాన్ని కోసినోని దగ్గర మళ్ల బండి పెట్టకు. ఏసీ కండెన్సర్ పైపులు వంచొద్దు, విప్పొద్దు.

ఇప్పుడు అసలు పని, పైపుల జాయింట్లు. లీకులన్నీ పుట్టేది ఆడనే. అల్యూమినియం పైపు చివరల చుట్టూర ఉబ్బుగ ఒక గట్టు ఉంటది. సిలికాన్ గొట్టం ఆ గట్టును దాటి లోపలిదాక పోవాలె, క్లాంపు గట్టు వెనక కూసోవాలె. గట్టు మీదనే బిగిస్తే ఆ రోజు మంచిగనే ఉంటది, బూస్ట్ ఎక్కినప్పుడల్ల మెల్లగ జారి ఒకరోజు రోడ్డు మీద ఊడుతది. ఎక్కించే ముందు పైపు చివర, గొట్టం లోపల రెండూ బ్రేక్ క్లీనర్‌తోని తుడిచి ఆరనియ్యి. ఎక్కుతలేదని నూనె, గ్రీజు రాస్తరు కొందరు. రాస్తే తేలికగ ఎక్కుతది, అంతే తేలికగ ఊడుతది. క్లాంపు లోపలి అంచు నున్నగ ఉన్నది తీసుకో, సందులున్న పట్టీ సిలికాన్‌ను కోస్తది. పట్టీ అంచులల్లకెళ్లి సిలికాన్ ఉబ్బి బయటికొచ్చిందంటే ఎక్కువ బిగించినట్టు. కిట్టుతోని వచ్చిన కాగితం మీద ఎంత టార్క్ (బిగింపు బలం) రాసి ఉంటే అంతకే బిగించు, టార్క్ పానా లేని షాపుల ఈ పని చేయించకు. ప్రెజర్ సెన్సర్ పాతదానిల నుంచి కొత్తదానికి మార్చేటప్పుడు దాని ఓ రింగు పగిలిందేమో చూడు.

బంపర్ పెట్టకముందే లీకు పరీక్ష చేయించాలె. దీనికి ఎవరూ టైం పెట్టరు, నువ్వు పట్టుబట్టు. టర్బో గాలి పీల్చే మూతికి సరిపోయే మూత ఒకటి, దానికి ట్యూబ్ వాల్వు, గాలి రెగ్యులేటర్ కావాలె. రెగ్యులేటర్ లేకుండ పంచర్ షాపు కంప్రెసర్ నేరుగ కలపనియ్యకు, దాంట్ల వంద పీఎస్ఐ (1 బార్ అంటే ఇంచుమించు 15 పీఎస్ఐ) దాక ఉంటది, గొట్టాలు ఎగిరిపోతయి. బ్రీదర్ పైపు మూసి, ముందు 5 పీఎస్ఐ పెట్టి సబ్బు నీళ్లు జాయింట్ల మీద పొయ్యి. బుడగ లేదంటే మెల్లగ నీ బండి బూస్ట్ దాక, అంటే ఇంచుమించు 15 పీఎస్ఐ దాక పెంచు. అప్పుడు మొఖం ఏ జాయింటుకూ ఎదురుంగ పెట్టొద్దు. ఈ పరీక్ష లేకుండ ఇంటికి తెచ్చుకున్న బండ్లు నా దగ్గరికి వస్తనే ఉంటయి. బయటికి బాగనే నడుస్తున్నట్టు ఉంటది. మ్యాఫ్ సెన్సర్ (లోపలికి పోయే గాలిని కొలిచేది) ఉన్న బండైతే, కొలిచిన గాలి మధ్యల కారిపోయి పెట్రోల్ ఎక్కువ పడుతది, ప్లగ్గులు నల్లబడుతయి. ప్రెజర్ సెన్సర్‌తోని నడిచే బండైతే చిన్న లీకుకు ఏ లైటూ వెలగకపోవచ్చు, తక్కువైన బూస్ట్ పూడ్చడానికి టర్బో మరింత తిరుగుతది, గాలి మరింత వేడెక్కుతది. నువ్వు ఏ లాభం కోసం ఖర్చు పెట్టినవో అదే పోతది.

ఇంటర్‌కూలర్ చుట్టూర ఖాళీలుంటే ఫోమ్ పట్టీలు అంటించు. గాలికి సందు దొరికితే జాలిలకెళ్లి ఎందుకు పోతది, పక్కనుంచి జారుకుంటది.

ఇగ ఓపెన్ ఫిల్టర్ సంగతి. దాని బుస్సుమనే సప్పుడు నీకు నచ్చింది, నాకు తెలుసు. కానీ మన దిక్కు రోడ్లు చూడు. కరీంనగర్ రోడ్డుల గ్రానైట్ లారీలు, భూపాలపల్లి దిక్కు పోతే సింగరేణి బొగ్గు దుమ్ము, ఎనుమాముల మార్కెట్‌కు పత్తి వచ్చే రోజులల్ల గాలి నిండ దూది పోగులు. కంపెనీ డబ్బా బయటి చల్ల గాలిని బంపర్ పైనుంచి తీసుకుంటది, మూసి ఉంటది, లోపల పేపర్ ఫిల్టర్. దాన్ని తీసి కోన్ పెడితే అది ఇంజన్ పక్కన కాగిన గాలినే పీలుస్తది. ఇంటర్‌కూలర్ పెట్టి చల్లబర్చాలని చూస్తూ, ఇంకో చేత్తోని వేడి గాలి లోపలికి తోలుడేంది? కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టైతది. దుమ్ము దాటిపోతే టర్బో రెక్కల అంచులు అరుగుతయి, అవి బాగయ్యేటివి కావు. నూనె పూసే కాటన్ ఫిల్టర్లైతే నూనె కొంచెం ఎక్కువైనా మ్యాఫ్ సెన్సర్ సన్న తీగకు అంటుకొని కొలత తప్పుతది. పైపు లావు మారినా ఆ కొలత తప్పుతది.

వేడి గాలి వద్దని ఫిల్టర్‌ను కిందికి, బంపర్ మూలకు దించే పైపులు కూడా అమ్ముతరు. అది ఇంకా ప్రమాదం. 2020 ఆగస్టుల, మళ్ల 2023 జూలైల హన్మకొండల నీళ్లు ఎంత ఎత్తు నిలిచినయో నువ్వే చూసినవు. కింద ఉన్న ఫిల్టర్ నీళ్లు పీల్చిందంటే సిలిండర్ల నీళ్లు నొక్కబడవు, కనెక్టింగ్ రాడ్ వంగుతది, ఇంజన్ మొత్తం ఊడదీయాలె. కంపెనీ పేపర్ ఫిల్టరే ఉంచు. పుస్తకంల రాసిన కిలోమీటర్ల కంటే ముందుగాలనే మార్చు. మార్చినప్పుడల్ల ఫిల్టర్ దాటినంక ఉన్న పైపు లోపల తెల్ల గుడ్డతోని తుడువు. గుడ్డకు ఎర్ర దుమ్ము అంటితే డబ్బా మూత సరిగ పడలేదని అర్థం.

బయటికి గాలి వదిలే బ్లో ఆఫ్ వాల్వు లిస్టుల లేదు, సంతోషం. ఎవరు చెప్పినా పెట్టకు.

చట్టం సంగతి కూడా తెలుసుకో. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీల ఉన్న వివరాలు కంపెనీ చెప్పినదానికి తేడా వచ్చేటట్టు బండిని మార్చొద్దు. 2019 సవరణల 182ఏ సెక్షన్ వచ్చింది, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఓనర్‌కు 5,000 రూపాయల జరిమానా, లేదంటే ఆరు నెలల దాక జైలు, లేదా రెండూ. పని మొదలు పెట్టకముందే ఆర్‌టీఏ ఆఫీసుల అడుగు, ఇన్సూరెన్స్ కంపెనీకి రాతల తెలుపు. వారంటీ ఇంకా ఉంటే అది అయిపోయేదాక ఆగు. ఆగితే పోయేదేం లేదు.

పని చేయించే ముందు ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటర్ లెక్కలు ఫోన్‌ల చూపించేది) ఒకటి కొనుక్కో. ఇన్‌టేక్ టెంపరేచర్, కూలెంట్ టెంపరేచర్ రెండూ రాసుకో: ఒకటే రోడ్డు, ఒకటే గేరు, ఒకటే మధ్యాహ్నం టైము. బిగించినంక మళ్ల అట్లనే చూడు. ఇన్‌టేక్ తగ్గి కూలెంట్ అట్లనే ఉంటే పని మంచిగైనట్టు. కూలెంట్ ఎక్కితే నాకు చెప్పు, ఫోమ్ పట్టీలు, ఫ్యాను చూద్దాం. 500 కిలోమీటర్లు తిరిగినంక చల్లగున్నప్పుడు క్లాంపులన్నీ ఒకసారి టార్క్ పానాతోని చూడు. పత్తి సీజన్ల జాలిల దూది ఇరుకుతది, వెనక నుంచి మెల్లగ నీళ్లు పట్టి కడుగు, ప్రెజర్ వాషర్ పెడితే జాలి వంగిపోతది.

పాత ఇంటర్‌కూలర్, పైపులు, క్లాంపులు ఏవీ అమ్మకు. టేపేసి, సంచిల కట్టి, సజ్జ మీద పెట్టు. బండి అమ్మేటప్పుడో, ఇన్సూరెన్సోళ్లు అడిగినప్పుడో అవే కావాలె. కిట్టు వచ్చినంక బిగించకముందు డబ్బాతోనే నా దగ్గరికి తీస్కరా, వెల్డింగ్ చూస్త. మీ అమ్మకు నేను మాట్లాడుత.

మీ మామ