ఫోను లాక్కుంటే కూతురు మాట్లాడటం మానేసింది, ఏం చేయాలి?

అనంతపురంలో ఏడో తరగతి చదివే మీ అమ్మాయి పొద్దుపోయేదాకా ఇన్‌స్టాగ్రామ్ చూస్తోందని, ఫోను లాక్కుంటే అలిగి కూర్చుంటోందని రాశారు.

ఇన్‌స్టాగ్రామ్‌కు కనీస వయసు 13 ఏళ్లు. నిండకపోతే కారణం చెప్పి ఖాతా తీసేయించండి. నిండితే టీన్ ఖాతా, అంటే టీనేజీ పిల్లలకు ఆంక్షలతో వచ్చే ఖాతా, ఉంటుంది. 16 లోపు పిల్లలు అందులోని ఆంక్షలు సడలించాలంటే తల్లిదండ్రుల అనుమతి తప్పనిసరి.

లాక్కోవడం మాత్రం వద్దు. పిల్లలు దాచడం నేర్చుకుంటారు. రేపు ముక్కూముఖం తెలియనివాడు ఫోటో అడిగినా, బెదిరించినా తిడతారన్న భయంతో మీకు చెప్పరు. నాకు అన్నిటికన్నా ఆందోళన అదే. పక్కన కూర్చుని, ఏం చూస్తోందో చూపించమనండి, తప్పుపట్టకుండా. రాత్రి సంగటి ముద్ద కంచంలో పడే వేళకు వాళ్ల నాన్న ఫోనుతో సహా అన్నీ హాల్లో ఛార్జింగుకు పెట్టండి. పెద్దలు పాటించని నియమం ఈ వయసు పిల్లలు అసలు లెక్కచేయరు. ఎవరైనా నిజంగానే వేధిస్తుంటే పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి.