దగ్గుకు నీలగిరి తైలం: ఎన్ని చుక్కలు, ఎవరికి?

ప్రశ్న: మాది అనంతపురం. బెంగళూరు మారతహళ్ళిలో కూతురి దగ్గర ఉంటున్నాను. ఇక్కడి చలికి పది రోజులుగా దగ్గు, ముక్కు దిబ్బడ. ఊటీలో కొన్న నీలగిరి తైలంతో ఆవిరి పడుతుంటే దగ్గు తగ్గకపోగా ఎక్కువవుతోంది. ఎందుకని?

జవాబు: బహుశా నీళ్ళు పొయ్యి మీద మరుగుతుండగానే తైలం వేస్తున్నారు. అది నీళ్ళలో కలవదు, పైన తేలుతుంది. మరిగే నీళ్ళలో పడితే ఉన్నదంతా మొదటి రెండు మూడు నిమిషాల్లోనే లేచిపోతుంది. ఆ ఘాటు గొంతుకు తగలగానే దగ్గు తెర మొదలవుతుంది, కళ్ళు మండుతాయి.

అర లీటరు నీళ్ళు మరిగించి, దించి, ఐదు నిమిషాలు ఆగండి. అప్పుడు రెండు చుక్కలు వేయండి, మూడు దాటొద్దు. కొందరు చెంచాతో పోస్తారు; చెంచా అంటే దాదాపు వంద చుక్కలు! గిన్నె ఒళ్ళో పెట్టుకోకండి. బల్ల మీద తడిగుడ్డ పరిచి దానిపై పెడితే జారదు. ముఖం అడుగు దూరంలో ఉంచి, కళ్ళు మూసుకుని, ఐదు నిమిషాలు మామూలుగా ఊపిరి తీయండి. ఆయాసం, పిల్లికూతలు ఉన్నవాళ్ళు తైలం వేయకుండా ఉత్త ఆవిరే పట్టాలి, ఘాటు వాసనకు వాళ్ళ ఊపిరిగొట్టాలు బిగుసుకుపోవచ్చు.

ఇదంతా చేసినా జలుబు ఒక రోజు ముందు తగ్గుతుందని అనుకోకండి. ముక్కు కాస్త తేలికపడి రాత్రి నిద్ర పడుతుంది, అంతే. దగ్గు రెండు వారాలు దాటితే తైలం పక్కనపెట్టి కళ్ళె పరీక్ష చేయించుకోండి, క్షయ కాదని తేలాలి. బీపీకి పేరు చివర "ప్రిల్" అని ఉండే మాత్ర వేసుకుంటుంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పండి. పొడిదగ్గు దానివల్లా వస్తుంది. అలాగని మాత్ర మీరే మానేయొద్దు.

ప్రశ్న: మనవడికి పద్నాలుగు నెలలు. కొబ్బరినూనెలో కర్పూరం వేసి వెచ్చచేసి ఛాతీకి రాయమని పక్కింటావిడ అంటున్నారు. రాయొచ్చా?

జవాబు: వద్దమ్మా. మన ఇళ్ళలో తరతరాలుగా ఉన్న అలవాటే అయినా రెండేళ్ళలోపు పిల్లలకు కర్పూరం, నీలగిరి తైలం, పిప్పరమెంటు పువ్వు ఏవీ రాయకూడదు. కర్పూరం చర్మం గుండా ఒంట్లోకి ఇంకుతుంది. రాసిన చోట చెయ్యి పెట్టి ఆ చెయ్యి నోట్లో పెట్టుకోవడం ఈ వయసు పిల్లల పనే కదా. కొద్దిగా మింగినా ఫిట్స్ రావచ్చు, అదీ నిమిషాల్లోనే. పొరపాటున మింగితే వాంతి చేయించకండి, సీసా చేత్తో పట్టుకుని నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి. హారతి కర్పూరం డబ్బా కూడా అందని ఎత్తులో ఉండాలి.

ఏడాది దాటాడు కాబట్టి పడుకోబోయే ముందు అర చెంచా తేనె నాకించొచ్చు. ఏడాదిలోపు పిల్లలకైతే తేనె పనికిరాదు. ముక్కు దిబ్బడకు మందుల షాపులో దొరికే ఉప్పునీటి చుక్కలు చాలు. ఏడవకుండా ఉన్నప్పుడు చొక్కా పైకెత్తి నిమిషం నిండా ఊపిరి లెక్కపెట్టండి. 40 లేదా అంతకు మించినా, డొక్కలు లోపలికి గుంజుకుంటున్నా, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. తెల్లారేదాకా ఆగొద్దు.

ప్రశ్న: నెబ్యులైజర్‌లో రెండు చుక్కల తైలం వేస్తే నేరుగా ఊపిరితిత్తులకే అందుతుందిగా?

జవాబు: అందుతుంది, ప్రమాదమంతా అక్కడే. నూనె తుంపర లోపలికి చేరితే ఊపిరితిత్తులు వాచి న్యుమోనియా రావచ్చు. అందులో డాక్టరు రాసిన మందు తప్ప ఏదీ పోయొద్దు.

ప్రశ్న: పచ్చకర్పూరం, పిప్పరమెంటు పువ్వు, వాము పువ్వు సీసాలో కలిపితే నీరైపోయాయి. పాడైనట్టా? ఛాతీకి రాయొచ్చా?

జవాబు: పాడవలేదు. మూడూ గట్టివే అయినా కలిస్తే చుక్క నీరు పోయకుండానే కరుగుతాయి. అమృతధార అంటే అదే. అయితే చాలా చిక్కటిది, నేరుగా రాస్తే చర్మం ఎర్రబడి మండుతుంది. పెద్దవాళ్ళకు రెండు చెంచాల, అంటే 10 మి.లీ. కొబ్బరినూనెలో నాలుగు చుక్కలు సరిపోతాయి. ముందు మోచేతి లోపలివైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి. ముక్కు రంధ్రాల్లో మాత్రం పూయకండి. రాసుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోనిదే కళ్ళు నలపకండి, పసిపిల్లల్ని ఎత్తుకోకండి.