ఇచ్ఛాపురాన్ని ఆదిలాబాద్‌లో పడెయ్యకు

విశాఖపట్నం

చిరంజీవి అమ్ములుకి,

మావయ్య ఆశీస్సులు. భీమిలి నుంచి ఇచ్ఛాపురం దాకా తీరంలో ప్రతి ఇంటికీ దగ్గరి తుఫాను షెల్టర్ ఎంత దూరమో నీ థీసిస్ కోసం పోస్ట్‌జీఐఎస్‌లో (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌కి మ్యాప్ లెక్కలు నేర్పే పొడిగింపు) లెక్క కడతానన్నావు. అంశం బాగుంది. అయితే మొదటి నెల కోఆర్డినేట్ల మీదే పెట్టు.

జీపీఎస్ నుంచి వచ్చేవి 4326 అనే కోడ్ ఉన్న కోఆర్డినేట్ పద్ధతిలో, అంటే అక్షాంశ రేఖాంశాల డిగ్రీల్లో ఉంటాయి. ఆ స్థానాలుండే జామెట్రీ కాలమ్ మీద నేరుగా ఎస్‌టీ_డిస్టెన్స్ (దూరం కొలిచే ఫంక్షన్) వేస్తే జవాబూ డిగ్రీల్లోనే వస్తుంది. దాన్ని 111తో గుణించి కిలోమీటర్లు అనేస్తుంటారు. మన విశాఖ దగ్గర డిగ్రీ అంటే ఉత్తర దక్షిణాలకి దాదాపు 111 కిలోమీటర్లు, తూర్పు పడమరలకి 106. షెల్టర్ ఏ దిక్కున ఉందన్నదాన్ని బట్టి తప్పు మారుతుంది కాబట్టి తర్వాత ఏ గుణకంతోనూ సరిచెయ్యలేవు. ముందే మీటర్లలోకి మార్చుకో.

మార్చేచోటే గొయ్యి ఉంది. భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా చీల్చి మీటర్లలో కొలిచే యూటీఎం పద్ధతిలో విశాఖ 44వ జోన్, కోడ్ 32644. రేఖాంశం 84 డిగ్రీలు దాటితే 45వ జోన్. ఆ గీత శ్రీకాకుళానికీ టెక్కలికీ మధ్య నుంచి పోతుంది, అంటే నీ డేటాని రెండుగా చీలుస్తుంది. రెంటినీ కలిపి క్వెరీ వేస్తే ఎస్‌ఆర్‌ఐడీలు (ఆ కోడ్ నంబర్లు) కలవలేదని ఎర్రర్ వస్తుంది. దాని నోరు మూయించడానికి చాలామంది ఎస్‌టీ_సెట్‌ఎస్‌ఆర్‌ఐడీ రాసేస్తారు. అది అంకెల్ని ముట్టుకోదు, డబ్బా మీద చీటీ మారుస్తుందంతే. అప్పుడు ఇచ్ఛాపురం పోయి ఆదిలాబాద్ వైపు పడుతుంది, ఎర్రరూ రాదు. నిజంగా మార్చేది ఎస్‌టీ_ట్రాన్స్‌ఫామ్. దాంతో మొత్తాన్నీ 44లోకి తెచ్చెయ్. ఇచ్ఛాపురం 44వ జోన్ బయట ఉంది కాబట్టి అక్కడ కిలోమీటరుకి సుమారు మీటరున్నర తేడా వస్తుంది. షెల్టర్ల దూరానికి అదో లెక్క కాదు గానీ, థీసిస్‌లో ఒక వాక్యం రాయడం మరిచిపోకు.

పాయింట్ కట్టేటప్పుడు రేఖాంశం ముందు, అక్షాంశం తర్వాత. తిరగేస్తే విశాఖ ఆర్కిటిక్ సముద్రంలో తేలుతుంది, మ్యాప్ చూడగానే దొరికిపోతుంది. పాత టోపోషీట్ల (సర్వే మ్యాపుల) నుంచి గీసినవాటి సంగతి అలా కాదు. అవి ఎవరెస్ట్ డేటమ్‌లో, అంటే జీపీఎస్‌ది కాని పాత భూకొలతల ఆధారంలో ఉంటాయి, మార్చకుండా వాడితే వందల మీటర్లు జరుగుతాయి, చూడ్డానికి మాత్రం సరిగ్గానే ఉన్నట్టుంటుంది.

ఇక క్వెరీ. 20 లక్షల ఇళ్లు, 300 షెల్టర్లు అనుకో. ప్రతి జతకీ దూరం కడితే 60 కోట్ల లెక్కలు. క్వెరీలో షరతు రాసే వేర్‌లో ఎస్‌టీ_డిస్టెన్స్ రాస్తే జరిగేది అదే, ఇండెక్స్ (వెతుకులాట తగ్గించే సూచిక) ఉన్నా వాడుకోదు. ఫలానా దూరం లోపల కావాలంటే ఎస్‌టీ_డీవితిన్ రాయి. అన్నిటికంటే దగ్గరిది ఒక్కటే కావాలంటే షెల్టర్ల మీద జిస్ట్ ఇండెక్స్ (మ్యాప్ ఆకారాలకి వాడే రకం) పెట్టి, ఒక్కో ఇంటికీ విడిగా వెతికే లేటరల్ జాయిన్‌లో కేఎన్ఎన్ (దగ్గరివి ముందు తెచ్చే) ఆపరేటర్‌తో ఆర్డర్ బై, లిమిట్ 1. క్వెరీ ఎలా నడిచిందో చూపే ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ వేసి ఇండెక్స్ స్కాన్ కనిపిస్తేనే నమ్ము.

ఇళ్లు తీరపట్టీలో పడతాయా అని చూసే క్వెరీ, ఇండెక్స్ స్కాన్ కనబడినా కదలకపోతే, పాలిగాన్లని (హద్దులు గీసిన ఆకారాల్ని) అనుమానించు. ఇండెక్స్‌లో ఉండేది ఆకారం కాదు, దాని చుట్టూ గీసిన పెట్టె. మన తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా పోతుంది. ఆ సన్నటి పట్టీని ఒకే పాలిగాన్‌గా ఉంచితే, పెట్టెలో ఒక పక్క బంగాళాఖాతం, ఇంకో పక్క కొండలు వచ్చి పడతాయి, వడపోత జరగదు. ఎస్‌టీ_మేక్‌వ్యాలిడ్‌తో ఆకారంలో తప్పులు సరిచేసి, ఎస్‌టీ_సబ్‌డివైడ్‌తో 256 వెర్టెక్స్‌లకి (మూల బిందువులకి) మించని ముక్కలు చెయ్. ముక్కల హద్దు మీద పడ్డ ఇల్లు రెండుసార్లు లెక్కకొస్తుంది, ఐడీ మీద డిస్టింక్ట్ వేసి ఒక్కసారే ఉంచు.

గీత దూరం దారి దూరం కాదు. యారాడ నుంచి హార్బరుకి మ్యాప్‌లో దగ్గరే, మనుషులు మాత్రం కొండ దాటి సింధియా మీదుగా రావాలి. తుఫాను రోజున లెక్కకొచ్చేది ఆ దారే. కేఎన్ఎన్‌తో ఇంటికి ఐదారు షెల్టర్లు ఏరి, వాటికే పీజీరౌటింగ్ (రోడ్ల మీద దారి లెక్కించే పొడిగింపు) నడుపు.

డేటా ఎక్కించేటప్పుడు కాపీ (ఒకేసారి మొత్తం ఎక్కించే కమాండ్) వాడు, ఇండెక్స్ తర్వాత కట్టు, చివర్లో అనలైజ్ (డేటా ఎలా ఉందో డేటాబేస్‌కి తెలియజేసే కమాండ్). దీనికి 16 జీబీ ల్యాప్‌టాప్ చాలు, క్లస్టర్ (చాలా కంప్యూటర్ల గుంపు) మాట ఇప్పుడెత్తకు.

రీసెర్చ్ పేపర్ల దగ్గర నాకు పట్టింపు ఒకటుంది. తమ పద్ధతిని ట్యూన్ చేసుకుని, పోటీగా పెట్టిన పోస్ట్‌గ్రెస్‌ని మాత్రం షేర్డ్ బఫర్స్ (డేటాకి కేటాయించే మెమరీ) 128 ఎంబీ డిఫాల్ట్‌లోనే వదిలేసి, మాది వేగం అనడం న్యాయం కాదు. రివ్యూయర్ పట్టుకుంటాడు కూడా. రెండిటినీ ట్యూన్ చెయ్, సెట్టింగులూ వెర్షన్లూ రాయి. మొదటి రన్ డిస్క్ నుంచి చదువుతుంది, తర్వాతివి క్యాష్ నుంచి. రెండూ విడివిడిగా కొలిచి మీడియన్ ఇవ్వు.

జనాభా 2011 సెన్సస్‌ది, జిల్లాలు 2022 ఏప్రిల్‌లో మారాయి. జిల్లా పేరుతో జాయిన్ చేస్తే అప్పుడు కొత్తగా ఏర్పడ్డ అనకాపల్లి ఖాళీగా వస్తుంది. ఊరి పేరుతో అసలే వద్దు, కొత్తపాలేలు ఎన్నో. ఆరంకెల గ్రామ కోడ్‌తోనే కలుపు.

ముందు భీమిలి మండలం ఒక్కటి చేసి, ఏవైనా పది ఇళ్ల దూరాలు క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో చేత్తో కొలిచి పోల్చు. తేడా ఉన్నవీ, క్వెరీ ప్లానూ నాకు పంపు.

నీ మావయ్య