చెక్క పిడా, రబ్బరు పిడా?

ప్రశ్న: నాలుగంగుళాల బారెల్ ఉన్న .357 మాగ్నమ్ రివాల్వర్ నాది. దాంతోపాటు వచ్చిన సన్నటి చెక్క పిడితో ఓ యాభై తూటాలు కాల్చేసరికి నడిమి వేలి కణుపు కమిలిపోతోంది. రబ్బరు పిడి వేస్తే తగ్గుతుందా?

జవాబు: తగ్గుతుంది. అయితే తగ్గించేది రబ్బరు మెత్తదనం కాదు, దాని ఆకారం. మీ కణుపును కొడుతున్నది ట్రిగ్గర్ గార్డు, అంటే ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనుప కమ్మీ, వెనక భాగం. పాత తరహా సన్న పిడుల్లో ఆ గార్డుకూ పిడి ముందు అంచుకూ నడుమ కొంత ఖాళీ ఉంటుంది. నడిమి వేలు అందులో దూరి కూర్చుంటుంది. తుపాకీ వెనక్కి తన్నిన ప్రతిసారీ గార్డు వచ్చి వేలికి తగులుతుంది. ఆ ఖాళీని నింపితే చాలు, నింపింది చెక్కయినా రబ్బరైనా ఒకటే. గార్డు వెనక దాకా నిండుగా ఉండే టార్గెట్ తరహా చెక్క పిడి దొరుకుతుంది. ఇప్పుడున్న పిడి మీకు ఇష్టమైతే, గార్డు వెనక ఇమిడే చిన్న అడాప్టర్ ముక్క బిగించుకోవచ్చు.

నొప్పి కణుపు దగ్గర కాకుండా బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఉండే కండలో అయితే అప్పుడు రబ్బరు మాట ఎత్తాలి. అక్కడ కూడా చూడాల్సింది ఒకటుంది. ఫ్రేము వెనక ఇనుప పట్టీని పూర్తిగా కప్పే రబ్బరు పిడే తన్నును మెత్తబరుస్తుంది. పట్టీని బయటికి వదిలేసే రబ్బరు పిడి జారకుండా పట్టునిస్తుంది గానీ, ఆ కండకు తగిలేది మళ్లీ ఇనుమే. ఈ తేడా చూసుకోకుండా కొని, రబ్బరు వేసినా నొప్పి తగ్గలేదని అనుకునేవాళ్లు ఎక్కువ.

ప్రశ్న: అలాగైతే పట్టీని కప్పే రబ్బరే అందరికీ మంచిది కదా?

జవాబు: కాదు. కప్పిన ప్రతి మిల్లీమీటరూ మీ వేలిని ట్రిగ్గర్‌కు అంత దూరం చేస్తుంది. సిలిండర్ తెరిచి ఒక్క తూటా కూడా లేదని రెండుసార్లు చూసుకోండి. బారెల్ ముంజేతి ఎముకతో ఒకే వరసలో ఉండేలా పిడి పట్టుకుని, గోడ వైపు గురిపెట్టి, చూపుడువేలు ట్రిగ్గర్ మీద ఆనించండి. డబుల్ యాక్షన్‌లో, అంటే ట్రిగ్గర్ లాగుడుతోనే హ్యామర్ (తూటాను పేల్చే సుత్తి) లేచి పడే పద్ధతిలో, నాలుగున్నర, ఐదున్నర కిలోల లాగుడు ఉండటం మామూలే. అంత బరువు లాగాలంటే వేలి మొదటి మడత దగ్గరో, కనీసం మెత్తటి భాగం నిండుగానో ట్రిగ్గర్‌కు ఆనాలి. వేలి కొస మాత్రమే అందుతున్నా, అందించడానికి తుపాకీని చేతిలో పక్కకు తిప్పాల్సి వస్తున్నా ఆ పిడి మీకు లావు. అలా తిప్పి పట్టుకుంటే తన్ను నేరుగా బొటనవేలి మొదలు ఎముక మీద పడుతుంది. చిన్న చేతులవాళ్లకు పట్టీ బయటికి కనిపించే సన్న పిడే నయం.

తుపాకీ బరువు కూడా లెక్కలోకి వస్తుంది. కిలో దాకా బరువున్న ఉక్కు రివాల్వర్‌లో, .357 కన్నా బలం తక్కువైన .38 స్పెషల్ తూటాలు కాల్చేవారికి సన్నటి చెక్క చాలు. అరకిలో కూడా లేని అల్యూమినియం ఫ్రేములో .357 కాల్చాలంటే మాత్రం, చూడటానికి ఎంత ముద్దగా ఉన్నా సరే, పట్టీని కప్పే రబ్బరే వేయండి.

ప్రశ్న: స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్‌కు పిడి కొనేటప్పుడు ఏ కొలత చూడాలి?

జవాబు: ముందు ఫ్రేము, తర్వాత దాని అడుగు ఆకారం. పాత పిడి విప్పి ఇనుము అడుగు గుండ్రంగా ఉందో చదరంగా ఉందో చూడండి. విప్పకుండా తేల్చడం కష్టం, ఎందుకంటే గుండ్రటి ఇనుము మీద చదరపు ఆకారపు పిడి తొడగడం మామూలే. చదరపు ఇనుము మీద గుండ్రటి పిడి మాత్రం కుదరదు. ఆ కంపెనీ ఫ్రేము సైజులకు అక్షరాల పేర్లుంటాయి. చదరపు అడుగైతే కె, ఎల్ ఫ్రేములకు ఒకే కొలత, ఎన్ ఫ్రేముకు వేరే. చిన్నదైన జె ఫ్రేము దారి వేరు.

తూటాలన్నీ ఒకేసారి సిలిండర్‌లో నింపే స్పీడ్‌లోడర్ వాడేవారు ఎడమ పలక పైభాగం చూసుకోవాలి. అక్కడ లోతుగా చెక్కి లేకపోతే లోడర్ తగులుకుని తూటాలు పూర్తిగా దిగవు, కాల్చాక మిగిలిన ఖాళీ తొడుగులు కూడా బయటికి రాకుండా పిడికి ఆని ఆగిపోతాయి.

ప్రశ్న: చెక్క తీసి ఒకే ముక్కగా ఉండే రబ్బరు పిడి వేశాను. అప్పటినుంచి ఆరింట్లో ఒకటి రెండు తూటాలు పేలడం లేదు. పిడికీ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉంటుంది. పేలని తూటా ప్రైమర్ (తూటా అడుగున దెబ్బ తగిలి నిప్పు పుట్టించే బిళ్ల) మీద గుంట లోతు తక్కువగా ఉందేమో చూడండి. హ్యామర్‌ను నడిపే స్ప్రింగు బల్లపరుపుగా ఉన్న స్మిత్ అండ్ వెస్సన్ రివాల్వర్లలో పిడి ముందు వైపు ఇనుములో, అడుగుకు దగ్గరగా ఒక చిన్న స్క్రూ ఉంటుంది. అది పిడిది కాదు. స్ప్రింగును వంచి దానికి బలం ఇచ్చేది అదే. పిడి విప్పే హడావిడిలో దాన్ని కూడా కాస్త వదులు చేస్తారు, లేదా అది ముందే వదులై ఉంటుంది. వేళ్ల గాడులున్న రబ్బరు పిడి దాన్ని పూర్తిగా కప్పేస్తుంది, కాబట్టి కంటికి ఆనదు. రబ్బరు తీసి ఆ స్క్రూను ఆఖరుదాకా బిగించండి. ట్రిగ్గర్ తేలికవుతుందని దాన్ని సగం వదులుగా ఉంచేవాళ్లూ ఉన్నారు. పేలని తూటాలు ఆ తేలికకు చెల్లించే మూల్యం.

అదంతా సరిగ్గానే ఉంటే పిడి లోపలి గోడ చూడండి. స్ప్రింగు రాసుకున్న గీత కనిపిస్తే ఆ చోట పల్చగా గీరాలి.

ప్రశ్న: చెక్క పలక స్క్రూ దగ్గర పగిలింది. నాసిరకం చెక్క అంటారా?

జవాబు: చాలాసార్లు తప్పు చెక్కది కాదు, చేతిది. పలక ఇనుముకు ఆనిన తర్వాత స్క్రూ ఇంకా పావు చుట్టు తిరిగితే చాలు. ఆ పైన తిప్పే కొద్దీ స్క్రూ తల కూర్చునే లోహపు గిన్నె చెక్కలోకి దిగబడి, నార వెంట చీలిక వస్తుంది. విప్పేటప్పుడు ఇంకో పొరపాటు చేస్తారు. పలక రాకపోతే సందులో స్క్రూడ్రైవర్ దూర్చి లేపుతారు, అంచు ఊడిపోతుంది. స్క్రూను మూడు నాలుగు చుట్లు వదులు చేసి, దాని తలమీద స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో మెల్లగా తట్టండి. అవతలి పలక దానంతటదే లేస్తుంది. వెంట్రుకవాసి చీలికైతే పల్చటి సూపర్ గ్లూ లోపలి వైపు నుంచి పోసి, నొక్కి కట్టి ఒక రాత్రి వదిలేయండి.

వాల్‌నట్‌కు అవిసె నూనె పల్చగా రుద్ది, రోజు విడిచి రోజు రెండు మూడు పూతలు వేయవచ్చు. రుద్దిన గుడ్డను ఉండచుట్టి పడేయకండి, దానంతటదే వేడెక్కి అంటుకుంటుంది. నీళ్లలో తడిపి, పరిచి ఆరేయండి. రోజ్‌వుడ్, కోకోబోలో వంటి జిడ్డు చెక్కల మీద ఆ నూనె సరిగా ఆరదు, మైనం రాస్తే సరిపోతుంది. కోకోబోలోను గరుకు కాగితంతో రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి, ఆ పొడి కొందరికి ఊపిరికి పడదు, చర్మం మీద దద్దుర్లు కూడా తెస్తుంది.

ప్రశ్న: రబ్బరుకు ఆ బాధలేవీ లేవుగా?

జవాబు: దాని బాధలు దానికున్నాయి. తుపాకీ నూనె, బారెల్ శుభ్రం చేసే ద్రావకం, దోమల మందు తగులుతూ ఉంటే కొన్నేళ్లకు జిగటగా మారుతుంది. ఎండలో వదిలేస్తే గట్టిపడి పగుళ్లిస్తుంది. అన్నిటికన్నా ఎక్కువ పట్టించుకోవాల్సింది చెమట. రబ్బరుకూ ఇనుముకూ మధ్య చేరిన తడి త్వరగా ఆరదు. నీలిపూత ఇనుమైతే లోపల తుప్పు పట్టి, మీరు పిడి విప్పే దాకా తెలియదు. నెలకొకసారి విప్పి, తుడిచి, ఇనుము మీద నూనె గుడ్డ ఒకసారి పోనిచ్చి, మిగిలిన నూనె పొడిగుడ్డతో తీసేసి తొడగండి. చొక్కా లోపల పెట్టుకునేవారికి ఇంకో చికాకు, రబ్బరు గుడ్డను పట్టుకుని వదలదు. అక్కడ నున్నటి చెక్కదే పైచేయి.

ప్రశ్న: హ్యామర్‌ను ప్రతిసారీ బొటనవేలితో లేపాల్సిన పాత తరహా సింగిల్ యాక్షన్ రివాల్వర్‌కు కూడా రబ్బరు వేయొచ్చా?

జవాబు: వేయొచ్చు, కానీ దాని వంపు ఉద్దేశమే వేరు. తన్నినప్పుడు ఆ పిడి అరచేతిలో పైకి దొర్లాలి. దొర్లితే దెబ్బ చెదిరిపోతుంది, బొటనవేలు కూడా హ్యామర్‌కు దగ్గరవుతుంది. రబ్బరు ఆ దొర్లడాన్ని ఆపేస్తుంది. గీతలు చెక్కని నున్నటి చెక్కే దానికి వేయండి.