కాలవ గట్టు మీద రోబో కర్ర పనికొస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి చూపు పూర్తిగా పోయింది. రోజూ కాలవ గట్టు మీదుగా టీ కొట్టుకు వెళ్లొస్తారు. దారి చూపే రోబో కర్రలు వచ్చాయంటున్నారు, కొనమంటారా? – ఒక పాఠకురాలు, అమలాపురం దగ్గర

జవాబు: అమ్మా, ముందు మామూలు తెల్లకర్ర ఆయన చేతిలో ఉండాల్సిందే. ఐఐటీ ఢిల్లీ వాళ్లు తయారుచేయగా 2014లో వచ్చిన స్మార్ట్‌కేన్ ఆ కర్రకే తగిలించుకునే పరికరం, మనకు వినిపించని ధ్వని తరంగాలు పంపి, మోకాలి నుంచి తల వరకు, సుమారు 3 మీటర్ల లోపు ఏది అడ్డున్నా పిడిలో వైబ్రేషన్‌తో చెబుతుంది. కిందికి వాలిన కొబ్బరి మట్టలు, ఆగి ఉన్న లారీ వెనక తలుపు ఇలాంటివి మామూలు కర్రకు తగలవు కదా, అక్కడే దీని ఉపయోగం. కానీ గట్టు అంచు, బోదె, గొయ్యి ఇది చెప్పదు! వాటికి కర్ర చివరే దిక్కు.

చక్రాల మీద నడిచి చేయి పట్టుకెళ్లే రోబోలూ ఉన్నాయి, మిషిగన్ యూనివర్సిటీలో 1990లలోనే గైడ్‌కేన్ అని ఒకటి చేశారు. వానాకాలం మన గట్ల బురదలో మాత్రం చక్రాలను నమ్మి నాన్నగారిని పంపొద్దు.

దివ్యాంగులకు ఉపకరణాలు ఇచ్చే కేంద్రం ఆడిప్ పథకం కింద స్మార్ట్‌కేన్‌లు ఇస్తున్నారు, జిల్లా దివ్యాంగుల సంక్షేమ కార్యాలయంలో అడగండి. చేతికొచ్చాక కొన్నాళ్లు మీరు పక్కనే నడవండి.